విశాఖలో బోటెక్కి లూర్‌తో సూర పట్టడం: మొదటి నుంచి చివరిదాకా

"అన్నా, బోటు మాట్లాడుకుని వెళ్ళాం, సూర (ట్యూనా) గుంపు కళ్ళ ముందే ఎగిరింది, ఒక్కటీ పడలేదు, ఏ లూర్ కొనమంటావ్?" అని అడిగేవాళ్ళే ఎక్కువ. లూర్, అంటే చేపలా కనపడే ఉత్తుత్తి ఎర, మీకు ఉన్నదే చాలు. గుంపు కనపడగానే బోటుని నేరుగా దాని మీదకి తోలేస్తున్నారు, ఇంజన్ చప్పుడుకి చేప కిందకి దిగిపోతోంది, మీరు ఖాళీ నీళ్ళలో విసురుతున్నారు. బోటు ఎక్కడ ఆపాలో తెలిస్తే మామూలు 40 గ్రాముల జిగ్‌కే (బరువైన లోహపు లూర్) సూర కొడుతుంది. అందుకే ఇందులో 7వ పాయింట్ పెద్దగా రాశా, తొందర్లో ఉంటే ముందు అది చదివి మళ్ళీ పైకి రండి.

ఇది విశాఖ తీరం గురించి, అంటే డాల్ఫిన్ నోస్ బయట నుంచి రుషికొండ, మంగమారిపేట, భీమిలి ఎదురుగా ఉన్న సముద్రం. కాకినాడ, శ్రీకాకుళం వైపు వాళ్ళకి కూడా పద్ధతి ఇదే, లోతులూ దూరాలూ మారతాయి అంతే.

## 1. ఏ సూర కోసం వెళ్తున్నారో ముందు తేల్చుకోండి

సూర అంటే ట్యూనాయే గానీ అన్నిటికీ ఒకే సామాను పనికిరాదు.

తీరానికి దగ్గర్లో దొరికేది కవకవ. వీపు మీద వంకర టింకర గీతలు, పక్క రెక్క కింద కొన్ని నల్ల చుక్కలు ఉంటే అదే. ఎక్కువగా 2 నుంచి 5 కేజీలు ఉంటుంది. మొదటిసారి వెళ్ళేవాళ్ళు దీని కోసమే వెళ్ళండి.

ఇంకొంచెం బయటికి వెళ్తే స్కిప్‌జాక్. దీనికి గీతలు వీపు మీద కాదు, పొట్ట మీద తల నుంచి తోక వైపుకి ఉంటాయి. సైజు దాదాపు అంతే. పట్టే పద్ధతి కూడా అంతే.

ఎల్లోఫిన్ వేరే లెక్క. అది లోతు నీళ్ళ చేప, 10 కేజీల నుంచి 40 పైన కూడా ఉంటుంది. పూడిమడక మత్స్యకారులు దాన్ని చేతి గాలంతో పట్టడంలో మొనగాళ్ళు, వాళ్ళు దాని కోసం ఎంతో దూరం వెళ్తారు. చిన్న రాడ్డు పట్టుకుని ఒక్క పూట కోసం అంత దూరం వెళ్ళడం నాకైతే నచ్చదు, మంచి బోటు, అనుభవం ఉన్న సారంగు (బోటు నడిపే ఆయన), రెండు ఇంజన్లు ఉంటే అప్పుడు ఆలోచించండి.

## 2. ఎప్పుడు వెళ్ళాలి, ఎప్పుడు అసలు వెళ్ళకూడదు

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, తూర్పు తీరంలో ఇంజన్ బోట్లకి వేట నిషేధం. "మాది సరదాకే కదా" అంటే కుదరదు, బోటు వాళ్ళ లైసెన్స్‌కి, వాళ్ళ బతుకుతెరువుకి దెబ్బ. ఎవరైనా తీసుకెళ్తానన్నా మీరే వద్దనండి.

నిషేధం అయిపోయాక నైరుతి గాలులు గట్టిగా ఉంటాయి, చిన్న ఫైబర్ బోటులో నిలబడి విసరడం చాలా కష్టం. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా తుపాన్ల భయం. సముద్రం కుదురుగా ఉండేది ఎక్కువగా జనవరి నుంచి మార్చి వరకు, నేర్చుకోవడానికి అదే మంచి టైం.

వెళ్ళే ముందు చూడాల్సినవి:

- హైదరాబాద్‌లో ఉన్న సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ వాళ్ళ సముద్ర స్థితి అంచనా, అంటే కెరటం ఎత్తు, గాలి వేగం. కెరటం ఒక మీటరు దాటితే కొత్తవాళ్ళు ఆగిపోండి.
- అదే ఇన్‌కాయిస్ ఇచ్చే చేపల లభ్యత సమాచారం. శాటిలైట్ నుంచి నీటి ఉష్ణోగ్రత, నీళ్ళలో పచ్చదనం చూసి, ఏ రేవు నుంచి ఏ దిక్కుకి ఎన్ని కిలోమీటర్లు, ఎంత లోతు అని ఇస్తారు. తెలుగులో కూడా వస్తుంది. మబ్బు పట్టినప్పుడు, నిషేధం టైంలో రాదు.
- విశాఖ తుపాను హెచ్చరికల కేంద్రం ఏం చెప్పిందో. పోర్టులో ఏ నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేసినా ఆ రోజు కేన్సిల్, ఇంక చర్చ లేదు.

ఇన్‌కాయిస్ చెప్పిన చోటుకి వెళ్తే చేప ఎదురుచూస్తూ ఉంటుందనుకోకండి. చల్లటి నీళ్ళు, వెచ్చటి నీళ్ళు కలిసే అంచు ఎటు ఉందో చెప్పే సమాచారం అది, అక్కడి నుంచి వెతుక్కోవడం మన పనే.

## 3. బోటూ సారంగూ: ఒడ్డు మీదే మాట్లాడుకోవాల్సినవి

ఫిషింగ్ హార్బర్ దగ్గరో, జాలారిపేట వైపో, భీమిలిలోనో ఫైబర్ బోటు మాట్లాడుకుంటారు. బేరం డబ్బు దగ్గరే ఆగిపోతుంది చాలామందికి. అసలు సంగతి ఏంటంటే సారంగు రోజూ చేసే వేట వేరు, మీరు చేసేది వేరు. ఆయనకి వల, చేతి గాలం తెలుసు, రాడ్డు పట్టుకున్నవాడికి బోటు ఎలా తిప్పాలో ఆయనకి చెప్పినవాళ్ళు ఉండరు. కాబట్టి ఒడ్డు మీద టీ తాగుతూ ఇసుకలో గీసి చూపించండి: "బాబాయ్, గుంపు ఇటు పోతోంది అనుకో, మనం ఇలా చుట్టు తిరిగి ముందుకెళ్ళి ఇక్కడ ఆగాలి." ఒక్కసారి చూపిస్తే చాలు, సముద్రం ఆయనకి మనకంటే బాగా తెలుసు, వెంటనే పట్టేస్తారు.

తేల్చుకోవాల్సినవి ఇవి:

- డీజిల్/పెట్రోల్ ఎవరిది, ఎన్ని గంటలు, ఎంత దూరం
- పడిన చేప ఎవరికి ఎంత (ఇది ముందే చెప్పకపోతే తర్వాత మొహమాటం)
- మనిషికో లైఫ్ జాకెట్, కింద పెట్టి ఉంచడం కాదు, వేసుకుని ఉండటం
- బోటు రిజిస్ట్రేషన్, లైసెన్స్ కాగితాలు, అందరి ఆధార్
- వీహెచ్‌ఎఫ్ సెట్టు (బోటు రేడియో) ఉందా, ఆపదలో పిలిచే ఛానల్ 16 పనిచేస్తుందా
- చిన్న బోటైతే విసిరేవాళ్ళు ఇద్దరే, మూడో మనిషి ఎక్కినా విసరకూడదు

కోస్ట్ గార్డ్ నంబర్ 1554, అందరి ఫోన్లలో సేవ్ చేస్కోండి. ఒడ్డుకి దూరమయ్యేకొద్దీ ఫోన్ సిగ్నల్ పోతుంది కాబట్టి ఎటు వెళ్తున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో ఇంట్లో ఒకరికి చెప్పి వెళ్ళండి. ఇంధనం మూడు వంతులు చేసి, ఒక వంతు వెళ్ళడానికి, ఒకటి రావడానికి, ఒకటి ముట్టుకోకుండా అట్టిపెట్టండి.

ఇంకోటి, విశాఖ నేవీ ఊరు. నేవీ వాళ్ళ ప్రాంతాల వైపు, షిప్పులు పోర్టులోకి వచ్చే దారిలో, లంగరేసిన ఓడల పక్కన తిరగొద్దు. సారంగు "అటు వద్దు" అంటే వద్దు, పక్షులు అటే ఉన్నా సరే.

## 4. సామాన్లు

కవకవ, స్కిప్‌జాక్ కోసం ఒక సెట్టు చాలు:

- రాడ్డు: 7 అడుగులకి కాస్త పైన, 30 నుంచి 80 గ్రాముల లూర్ విసిరేది
- రీలు: 6000 సైజు స్పిన్నింగ్ రీలు, ఉప్పు నీటికి తట్టుకునేది
- దారం: పీఈ 3 బ్రెయిడ్ (అల్లిన దారం, పీఈ అంకె పెరిగితే దారం లావు), 300 మీటర్లు
- లీడర్ (బ్రెయిడ్‌కీ లూర్‌కీ మధ్య కట్టే దారం ముక్క): 50 నుంచి 60 పౌండ్ల ఫ్లోరోకార్బన్, 2 మీటర్లు

ఎల్లోఫిన్ వచ్చే చోటికి వెళ్తుంటే పీఈ 5 లేదా 6 దారం, 14000 సైజు రీలు, 80 నుంచి 100 పౌండ్ల లీడర్ ఉన్న రెండో రాడ్డు రెడీగా పెట్టుకోండి. కవకవ రాడ్డుకి ఎల్లోఫిన్ తగిలితే రీలు మీద దారం మొత్తం ఖాళీ అయ్యేదాకా చూస్తూ నిలబడటమే.

లూర్లు పెట్టె నిండా అక్కర్లేదు:

- మెటల్ జిగ్‌లు 30, 40, 60 గ్రాములు, ఒక్కో సైజు మూడేసి. ఎక్కువ చేపలు పడేది వీటికే.
- మునిగే స్టిక్‌బెయిట్ (పుల్లలా సన్నగా ఉండే చేప ఆకారం లూర్) 8 నుంచి 12 సెంటీమీటర్లది, రెండు
- పాపర్ (నీళ్ళ మీద చప్పుడు చేస్తూ వచ్చే లూర్) ఒకటి, 60 గ్రాముల చుట్టుపక్కల
- బోటు వెనక లాగడానికి ఈకల లూర్లు రెండు

రంగు గురించి గంటలు గంటలు వాదించుకుంటారు, నేనైతే సైజు తర్వాతే రంగు అంటాను. సూర ఆ రోజు నెత్తళ్ళు తింటుంటే వేలంత లూర్ కావాలి, కవ్వళ్ళు తింటుంటే ఇంకాస్త పెద్దది. మొదటి చేప బోటులోకి రాగానే నోట్లోంచి ఏం కక్కిందో చూడండి, బోటు అడుగున రెండు మూడు సగం అరిగిన నెత్తళ్ళు పడి ఉంటాయి, ఒకటి తీసి మీ లూర్ పక్కన పెట్టి చూడండి. లూర్ దానికి రెట్టింపు ఉంటే అప్పుడే మార్చేయండి.

లూర్‌తో వచ్చే మూడు ముళ్ళ గాలాలు తీసేసి ఒంటి గాలాలు వేస్కోండి. చిన్న బోటులో చేప గింజుకుంటున్నప్పుడు ఆ మిగతా ముళ్ళు మీ చేతిలోనో కాలిలోనో దిగుతాయి. పైగా ఒంటి గాలం పట్టు బాగుంటుంది, చేపని వదిలేయాలన్నా సులువు.

మర్చిపోకూడనివి:

- గాలం తెంపే గట్టి కట్టర్, ప్లయర్
- కళ్ళద్దాలు, అందరికీ (ఎగిరొచ్చిన జిగ్ కంట్లో పడితే అక్కడ ఆస్పత్రి ఉండదు)
- గ్లౌజులు
- గ్యాఫ్, అంటే కర్రకి కట్టిన పెద్ద కొక్కెం
- పదునైన సన్న కత్తి
- ఐస్ బాక్సు, ఐస్
- మనిషికి 4 లీటర్ల నీళ్ళు, టోపీ, ఫుల్ హ్యాండ్స్ చొక్కా
- కడుపు తిప్పుడు మాత్ర, ఇది బోటెక్కడానికి గంట ముందే వేస్కోవాలి, వాంతి మొదలయ్యాక వేస్తే లాభం లేదు

## 5. ముందు రోజు రాత్రి

బోటులో ఊగుతూ ముడి వేద్దాంలే అనుకోకండి, అన్నీ ఇంట్లోనే.

బ్రెయిడ్‌కీ లీడర్‌కీ ఎఫ్‌జీ ముడి. ఇది సన్నగా ఉంటుంది, రాడ్డు రింగుల్లోంచి తగలకుండా జారిపోతుంది. లీడర్ మీద బ్రెయిడ్‌ని అటూ ఇటూ కలిపి 20 చుట్లు తక్కువ కాకుండా వేసి, తడిపి, గ్లౌజులు వేస్కుని రెండు వైపులా గట్టిగా లాగండి. సరిగ్గా పడితే బ్రెయిడ్ రంగు కొంచెం ముదురుగా మారి లీడర్‌లోకి కరుచుకుపోయినట్టు కనపడుతుంది. గోరుతో తోస్తే కదిలిందంటే కోసేసి మళ్ళీ మొదలు, దాన్ని నమ్మి రేపు చేప పోగొట్టుకోవద్దు.

తర్వాత డ్రాగ్, అంటే చేప ఎంత గట్టిగా లాగితే రీలు దారం వదలాలో చూసే బిగింపు. చేత్తో లాగి "ఆ, సరిపోద్దిలే" అనుకునేది కాదు. కూరగాయలు తూచే చేతి కాటా దారానికి తగిలించి, రాడ్డు వంచి పట్టుకుని ఇంకొకర్ని లాగమనండి. దారం తట్టుకునే బరువులో పావు వంతు దగ్గర రీలు తిరగాలి. పీఈ 3 అయితే 4 నుంచి 5 కేజీలు, పీఈ 5 అయితే 8 కేజీల దగ్గర. ఒకసారి పెట్టాక చేప మీద ఉన్నప్పుడు దాన్ని బిగించొద్దు.

చివరిగా ఒక రాడ్డుకి జిగ్, రెండోదానికి స్టిక్‌బెయిట్ కట్టేసి ఉంచండి. గుంపు పైన ఉండేది చాలాసార్లు నిమిషం కూడా కాదు, అప్పుడు పెట్టె తెరిచి వెతుక్కుంటూ కూర్చుంటే అయిపోద్ది.

## 6. వెతకడం

తెల్లారేసరికి నీళ్ళ మీద ఉండాలి. ఎండ ఎక్కేకొద్దీ గుంపులు పైకి రావడం తగ్గుతుంది, మళ్ళీ సాయంత్రం కాస్త ఉంటుంది.

ముందు పక్షులు. ఒక్కో తీరుకి ఒక్కో అర్థం:

- ఎత్తులో చెదురుగా తిరుగుతున్నాయంటే ఇంకా వెతుకుతున్నాయి. ఆ వైపు నెమ్మదిగా వెళ్ళండి.
- కిందకి ఎగురుతూ అన్నీ ఒకే దిక్కుకి వేగంగా పోతున్నాయంటే కింద సూర నడుస్తోంది. ఇదే మనకి కావాల్సింది, ఏ దిక్కో గుర్తు పెట్టుకోండి.
- ఒకేచోట దబదబా నీళ్ళలోకి దూకుతున్నాయంటే చిన్న చేపని సూర పైకి తోసేసింది. టైం లేదు.
- నీళ్ళ మీద కూర్చున్నాయంటే ఇప్పుడే అయిపోయింది. వదిలేయకండి, అక్కడే పది నిమిషాలు ఆగి చూడండి.

తర్వాత నీళ్ళు. నీలం నీళ్ళు, మట్టి నీళ్ళు కలిసే గీత, నురగ వరస, కొట్టుకొచ్చిన దుంగలు, తాళ్ళు, ఇవన్నీ చిన్న చేపకి నీడ, దాని వెనకే సూర. డాల్ఫిన్లు కనపడితే చుట్టుపక్కల చూడండి గానీ వాటి మీదకి విసరొద్దు. జనవరి నుంచి మార్చి దాకా తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకి వస్తుంటాయి, అవి పైకి తేలి ఉంటే ఇంజన్ తగ్గించి పక్కకి తప్పుకోండి.

ఏమీ కనపడకపోతే ఖాళీగా తిరక్కుండా ఈకల లూర్లు రెండు వెనక వదలండి, ఒకటి 25 మీటర్లు, ఒకటి 40 మీటర్లు, 5 నుంచి 7 నాట్ల వేగం (గంటకి 9 నుంచి 13 కిలోమీటర్లు). ఒకదానికి తగిలిందంటే గుంపు కింద ఉన్నట్టే, జీపీఎస్‌లో ఆ చోటు నొక్కి రెండో మనిషి వెంటనే జిగ్ వదలాలి. ఒక జాగ్రత్త, వలల బుడ్లు, జెండాలు కనపడితే లూర్లు పైకి లాగేసి దూరంగా తిరిగి వెళ్ళండి. ఆ వల ఇంకొకరి పెట్టుబడి.

## 7. బోటుని ఎక్కడ ఆపాలి

ఇంతసేపూ చెప్పింది ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు.

మన ఫైబర్ బోటుకి ఉండేది చిన్న ఇంజన్. పరిగెత్తే సూరని వెనక నుంచి తరిమి అందుకోవడం దానివల్ల కాదు, వెంట పడేకొద్దీ గుంపు ముందుకి జరుగుతూనే ఉంటుంది, ఇంధనం అయిపోతుంది. కాబట్టి తరమొద్దు. ఎటు పోతోందో చూసి, ముందుకెళ్ళి, ఎదురు నిలబడాలి.

వరస ఇదీ:

1. గుంపు కనపడగానే బోటు తిప్పొద్దు. అర నిమిషం చూడండి. పక్షుల వరస ఏ దిక్కుకి జరుగుతోంది, గాలి ఎటు నుంచి, ఎండ ఎటు నుంచి.
2. గుంపుకి కనీసం 100 మీటర్ల దూరం ఉంచుకుంటూ పక్క నుంచి చుట్టి వెళ్ళండి. గుంపుని కోసుకుంటూ మధ్యలోంచి వెళ్ళడం అంటే ఆ గుంపుని మీరూ పోగొట్టుకున్నారు, పక్క బోటు వాళ్ళకీ పోగొట్టారు.
3. అది పోతున్న దారికి ముందు, గాలి వచ్చే వైపు చేరండి. అక్కడ ఆగితే బోటుని గాలే మెల్లగా గుంపు వైపు నెడుతుంది, మీరు విసిరేది కూడా గాలివాటున వెళ్ళి 15 మీటర్లు ఎక్కువ దూరం పడుతుంది.
4. ఇంజన్ వేగం దగ్గరికెళ్ళాక ఒక్కసారిగా తగ్గించొద్దు. దూరం నుంచే తగ్గిస్తూ వచ్చి న్యూట్రల్‌లో పెట్టండి. ఒకే తీరుగా ఉన్న చప్పుడుకి చేప అలవాటు పడుతుంది, రయ్యిమని పెరిగి తగ్గే చప్పుడుకే మునిగిపోతుంది. ఆపేయాలా న్యూట్రల్‌లో ఉంచాలా అని అడుగుతారు, న్యూట్రల్‌లోనే ఉంచండి, పెద్ద చేప తగిలితే వెంటనే బోటు కదపాలి, స్టార్ట్ కాని ఇంజన్‌తో కుస్తీ పట్టే టైం కాదది.
5. బోటు పక్క భాగం గుంపు వైపు ఉండేలా ఆపితే ముందొకరు, వెనకొకరు విసరొచ్చు.
6. గుంపు విసిరే దూరంలోకి, అంటే 40 మీటర్లలోకి వచ్చేదాకా ఆగండి. బోటు అంచు మీద రాడ్డు కొట్టడం, ఐస్ బాక్సు ఈడ్చడం, కాళ్ళు తన్నడం ఏమీ వద్దు.

కష్టమైనది ఆఖరిదే. కళ్ళ ముందు నీళ్ళు ఉడుకుతున్నట్టు ఉంటే సారంగు కూడా ఆగలేక ఇంకాస్త తోలేస్తాడు. ఒడ్డు మీద ఇసుకలో గీసి చూపించమన్నది అందుకే. గుంపు మునిగిపోయినా కంగారు పడి అటూ ఇటూ తిరక్కండి, అది పోతున్న దిక్కులోనే ఇంకో 100, 200 మీటర్లు ముందు మళ్ళీ లేస్తుంది చాలాసార్లు, పక్షులు చెప్తాయి. రెండు మూడు సార్లు ఒకే దిక్కున లేచిందంటే ఇంక దాని దారి దొరికినట్టే.

పక్కన వేరే బోటు అప్పటికే ఆగి ఉంటే దాని ముందుకి దూరొద్దు. వాళ్ళ వెనకో, గుంపు అవతలి పక్కకో వెళ్ళండి.

## 8. విసరడం, లాగడం

విసిరే ముందు వెనక్కి చూసి "వేస్తున్నా" అని గట్టిగా అనండి. ఇద్దరూ ఒకేసారి విసరొద్దు. దిక్కు చెప్పుకోవడానికి బోటు ముక్కుని 12 గంటలు అనుకోండి, "2 గంటల వైపు గుంపు" అంటే అందరికీ ఒకేసారి అర్థమవుద్ది.

ఎగురుతున్న గుంపు మధ్యలో వేయొద్దు. అది పోతున్న వైపు, ముందు భాగానికి 5 మీటర్లు అవతల పడాలి, లాగేటప్పుడు లూర్ దాని ముక్కు ముందు నుంచి అడ్డంగా రావాలి. వెనక నుంచి లూర్ వచ్చి చేపని తరమడం సముద్రంలో జరిగేది కాదు, అలా వస్తే బెదిరిపోతుంది.

జిగ్ పడగానే దారం బిగించి, చేప పైన ఉంటే వెంటనే తిప్పండి, వేగంగా, ఆపకుండా. కవకవకి మీరు తిప్పే వేగం ఎప్పుడూ ఎక్కువ కాదు. రెండు సార్లు అలా వచ్చినా ముట్టకపోతే, ఐదు లెక్కపెట్టి మునగనిచ్చి అదే వేగంతో లాగండి. స్టిక్‌బెయిట్ అయితే రాడ్డుతో పొడుగ్గా ఒక లాగుడు, వదులు దారం చుట్టుకోవడం, మళ్ళీ లాగుడు. చాలా దెబ్బలు ఆ ఆగిన క్షణంలోనే పడతాయి.

గుంపు మునిగాక కూడా జిగ్‌ని 15, 20 మీటర్ల లోతుకి వదిలి నిలువునా గబగబా లాగండి. పైన నురగ ఆగిపోతే అందరూ రాడ్డు దించేస్తారు గానీ పెద్ద చేపలు కిందే తిరుగుతుంటాయి, పైన చేపలు చంపి వదిలిన ముక్కలు ఏరుకుంటూ.

## 9. కొట్టాక

రాడ్డుని ఎగరేసి ఊపొద్దు. తిప్పుతూనే ఉండండి, బరువు పూర్తిగా తెలిశాక ఒక్కసారి గట్టిగా పక్కకి లాగితే ఒంటి గాలం దవడ మూలకి దిగుతుంది.

మొదటి పరుగుకి ఎదురు వెళ్ళొద్దు, రీలు అరవనివ్వండి. రాడ్డు 45 డిగ్రీలకి మించి లేపొద్దు, నిట్టనిలువుగా ఎత్తితే కొన దగ్గర పుటుక్కున విరుగుతుంది. చేప ఆగగానే చిన్న చిన్న లాగుళ్ళు, ఒక్కో లాగుడికి ఒకట్రెండు చుట్లు. దారం ఎక్కడా వదులవకూడదు.

దగ్గరికొచ్చాక సూర నేరుగా రాదు, బోటు కింద గుండ్రంగా తిరుగుతుంది. తలకాయ మీ వైపు తిరిగినప్పుడు లాగండి, అవతలి వైపు తిరిగినప్పుడు పట్టుకుని ఉండండి. దారం బోటు అడుగుకి పోతే రాడ్డు కొన నీళ్ళలోకి ముంచి ముక్కు వైపు నడిచి అటు తిప్పుకురండి, సారంగు ప్రొపెల్లర్‌ని దారానికి దూరంగా తిప్పాలి, "బాబాయ్, కుడికి!" అన్న ఒక్క మాట చాలు. రెండో మనిషి తన దారం వెంటనే చుట్టేసి గ్యాఫ్ తీస్కోవాలి.

లీడర్ చేతికి అందాక దాన్ని చేతికి చుట్టుకోవద్దు. ఎల్లోఫిన్ ఒక్క గుంజు గుంజితే వేళ్ళు పోతాయి, మనిషే నీళ్ళలో పడతాడు. గ్లౌజు వేసుకుని, వదిలేయగలిగేలా పట్టుకోండి. గ్యాఫ్ తలకి వేయండి, కండకి వేస్తే మాంసం పాడవుద్ది. కొమ్ముకోనం (పొడుగు కొమ్ము ఉండే పెద్ద చేప) గానీ తగిలితే లోపలికి లాగొద్దు, బోటు పక్కనే గాలం తీసో లీడర్ కోసో వదిలేయండి, ఆ కొమ్ము దెబ్బకి మన తీరంలో ప్రాణాలు పోయాయి.

## 10. బోటులోకి వచ్చాక: రక్తం, ఐస్

"సూర బాగోదు, నీచు ఎక్కువ, దురద పెడుతుంది" అనేవాళ్ళలో చాలామంది సరిగ్గా చూసుకున్న సూర తినలేదు. ఈ చేప ఒంట్లో వేడి ఎక్కువ, రక్తం ఎక్కువ, ఎండలో పది నిమిషాలు పడేస్తే చాలు చెడటం మొదలవుద్ది. అప్పుడు కండలో హిస్టామిన్ తయారవుద్ది, ఎంత ఉడికించినా అది పోదు, తిన్నాక ముఖం ఎర్రబడటం, దద్దుర్లు, తలనొప్పి దానివల్లే.

- బోటులోకి రాగానే కళ్ళ పైన, మధ్యలో కత్తి మొన దించి చంపేయండి. గింజుకోవడం ఆగిపోతుంది.
- పక్క రెక్క వెనక రెండు వైపులా చిన్న కోత, మొప్పల దగ్గర ఇంకో కోత. తల కిందకి ఉండేలా సముద్రపు నీళ్ళ బకెట్‌లో ఐదు నిమిషాలు ఉంచండి, రక్తం కారిపోవాలి.
- మొప్పలు, పేగులు తీసేసి కడగండి.
- ఐస్ బాక్సులో ఐస్, సముద్రపు నీళ్ళు కలిపిన చల్లటి నీళ్ళలో పూర్తిగా ముంచండి. ఐస్ ముక్కల మీద పెట్టడం కంటే ఇది చాలా తొందరగా చల్లబరుస్తుంది.
- చేప బరువెంతో ఐస్ కనీసం అంత. హార్బర్ దగ్గర ఐస్ దొరుకుతుంది, బయల్దేరేటప్పుడే బాక్సు నింపుకోండి.

ఇంట్లో కోసేటప్పుడు మధ్యలో ఉండే ముదురు ఎర్ర కండ తీసేసి, మిగతాది పులుసు పెట్టినా వేపుడు చేసినా వంజరం మీద మోజున్నవాళ్ళు కూడా మళ్ళీ అడుగుతారు. ఐస్ సరిపోయినంతే పట్టండి, బాక్సు నిండిందంటే వేట ఆపేయడమే.

## 11. ఎక్కువగా జరిగే తప్పులు, ఏం చేస్తే సరిపోద్ది

దగ్గరికెళ్ళేలోపే గుంపు మునిగిపోతోంది. తిన్నగా వెళ్తున్నారు, లేదా ఇంజన్ ఆలస్యంగా తగ్గిస్తున్నారు. 7వ పాయింట్‌లో 2, 4 మళ్ళీ చదవండి.

చేప పైనే ఎగురుతోంది, లూర్ ముట్టట్లేదు. సైజు తగ్గించండి, 60 గ్రాములది తీసి 30 పెట్టండి. అప్పటికీ ముట్టకపోతే లీడర్ 40 పౌండ్లకి దించి చూడండి, కవకవ అయితేనే సుమా.

కొడుతోంది, ఊడిపోతోంది. గాలం మొన గోరు మీద గీసి చూడండి, జారితే మొద్దుబారింది. పదునుగానే ఉంటే దారం వదులు చేస్తున్నారు.

ముడి దగ్గర తెగుతోంది. ఎఫ్‌జీ ముడి ఇంట్లో తడిపి లాగలేదు. బోటులో మళ్ళీ వేసే ఓపిక లేకపోతే ముందే ముడి వేసి తెచ్చిన రెండో రీలు స్పూల్ మార్చండి.

లీడర్ గరుకు గరుకుగా అయింది. వేళ్ళతో తడిమి చూసి, ప్రతి చేప తర్వాత అడుగు మేర కోసి లూర్ మళ్ళీ కట్టండి.

దారం గాలికి రీలు మీద చిక్కుపడుతోంది. విసిరాక బెయిల్‌ని (రీలు మీద దారాన్ని పట్టే తీగ) చేత్తో మూసి, తిప్పే ముందు దారాన్ని ఒకసారి వేళ్ళతో లాగండి. ఆ రెండు సెకన్ల పనికి గంట చిక్కు తప్పుద్ది.

మధ్యాహ్నం గాలి లేచి కెరటాల మీద తెల్ల నురగ కనపడుతోంది. పక్షులు ఎంత ఊరించినా రాడ్లు కట్టేసి, లైఫ్ జాకెట్ పట్టీలు బిగించి ఒడ్డుకి తిరగండి. మీకు కుదురుగానే అనిపించినా సారంగు "పోదాం బాబూ" అన్నారంటే ఆ మాటే ఫైనల్.

ఒడ్డుకొచ్చాక రీలు అలాగే పెట్టేస్తున్నారు. డ్రాగ్ బిగించి కుళాయి కింద సన్నటి మంచినీళ్ళతో కడిగి, తుడిచి, ఆరాక డ్రాగ్ పూర్తిగా వదులు చేసి పెట్టండి. వాడిన జిగ్‌లు కూడా బకెట్ మంచినీళ్ళలో కాసేపు నానబెట్టి, గాలాలు తుడిచి ఆరబెట్టాకే పెట్టెలో పెట్టండి, లేకపోతే ఒక్క తడి గాలం పెట్టెలో ఉన్న మిగతా వాటన్నిటికీ తుప్పు పట్టిస్తుంది.